ఆ ఒక్క మెసేజీ ఎవరికి అడ్డం?

నందివాడ మండలంలో చేపల చెరువు గట్టు మీది పాకలో పడుకున్న కాపలాదారు జేబులో ఫోన్ ఉంటుంది. సెల్ టవర్ లెక్కన చూస్తే అతడు ఆ చుట్టుపక్కల ఎక్కడో ఉన్నాడనే తెలుస్తుంది. ఉపగ్రహాల సాయంతో పనిచేసే ఏ-జీపీఎస్ తెరిస్తే ఏ చెరువు, ఏ గట్టు, ఏ పాక అన్నదీ తేలిపోతుంది. ఇన్నాళ్లూ లొకేషన్ ఆన్ చేయడం, ఆపేయడం అతడి వేలి కిందే ఉన్నాయి. ఇక మీదట దాన్ని ఆపే వీలే లేకుండా ఫోన్లు తయారు చేయించాలని జియో, ఎయిర్‌టెల్ సభ్యులుగా ఉన్న టెలికాం కంపెనీల సంఘం సీఓఏఐ కేంద్రాన్ని కోరింది. కేంద్రం ఆ ప్రతిపాదనను పరిశీలిస్తోందని 2025 డిసెంబరు 5న రాయిటర్స్ బయటపెట్టింది. కొత్త ఫోన్లలో సంచార్ సాథీ యాప్‌ను ముందే వేసి ఇవ్వాలన్న ఆదేశాన్ని కేంద్రం వెనక్కి తీసుకుని అప్పటికి రెండు రోజులు.

కంపెనీల కోరిక అక్కడితో ఆగలేదు. మీ లొకేషన్‌ను టెలికాం కంపెనీ అడుగుతోందని కొన్ని ఫోన్లలో తెర మీద ఒక మెసేజీ వస్తుంది. దాన్నీ తీసేయించాలన్నాయి. నిఘాలో ఉన్న మనిషికి భద్రతా సంస్థలు తనను కనిపెడుతున్నాయని ఆ మెసేజీ వల్ల తెలిసిపోతుందన్నది వాటి వాదన. ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకు మించిన కపటం లేదు.

నిఘాలో ఉన్న మనిషి ఒక్కడు. మెసేజీ పోయేది అందరికీ. దేశంలో మొబైల్ కనెక్షన్లు వంద కోట్లు దాటాయి. నేరగాడి ఫోన్‌లో మాత్రమే మెసేజీ ఆపి, గుడివాడ మార్కెట్‌కు వచ్చిన రైతు ఫోన్‌లో ఉంచుతామని వాళ్లు అనలేదు. ఒకడి పేరు చెప్పి ఊరందరి కళ్లకూ గంతలు కట్టమంటున్నారు.

అసలు నిఘాలో ఎవరుండాలో తేల్చేది ఎవరు? తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసులు మోపిన అభియోగాలే చదవండి. మావోయిస్టుల మీద నిఘాకు పెట్టిన విభాగం ప్రతిపక్ష నాయకుల మీద, వ్యాపారుల మీద, పాత్రికేయుల మీద కన్నేసిందని పోలీసులే అంటున్నారు. హైకోర్టు న్యాయమూర్తి సైతం ఆ జాబితాలో ఉన్నారన్న కథనాలతో 2024లో హైకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టింది. ఆధారాలున్న హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారన్నది మరో అభియోగం. వాళ్లంతా ‘నిఘాలో ఉండాల్సిన మనుషులే’ అని కాగితం మీద రాసుకున్నవాళ్లు కూడా ప్రభుత్వ అధికారులే.

ఫోన్ వినడానికైనా హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వును సమీక్షించే కమిటీలోనూ ఉన్నది అధికారులే. న్యాయమూర్తి లేడు. విచారణ ముగిశాకైనా, తప్పు జరిగిందని తేలాకైనా ఫలానా రోజుల్లో నీ మీద నిఘా పెట్టామని పౌరుడికి చెప్పాలన్న నియమం మన చట్టంలో లేదు. అలాంటి దేశంలో పౌరుడి పక్షాన మిగిలిన ఏకైక సాక్షి తెర మీద రెండు క్షణాలు కనబడే ఆ మెసేజీ. దాన్నే చెరిపేయమంటున్నారు.

జామీను మీద బయటికొచ్చిన నిందితుడి సంగతి చూద్దాం. గూగుల్ మ్యాప్‌లో నీ లొకేషన్ ఎప్పుడూ పోలీసులకు కనబడేలా పెట్టాలని అతడికి షరతు విధించడం చెల్లదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది మాదకద్రవ్యాల కేసు. నిందితుడు విదేశీయుడు. అతడి ఆంతరంగిక జీవితంలోకి పోలీసులు నిత్యం తొంగిచూడటం 21వ అధికరణానికి విరుద్ధమని కోర్టు భావించింది. మాదకద్రవ్యాల కేసులో ముద్దాయికి ఉన్న హక్కు, ఏ కేసూ లేని దివిసీమ రైతుకు, బందరు కాలేజీ అమ్మాయికి లేకుండా పోతుందా? ఈ ప్రశ్నకు సీఓఏఐ దగ్గర జవాబు లేదు. దిల్లీ దగ్గరా లేదు.

చెప్పకుండా కనిపెట్టే అలవాటు ఎక్కడికి పోతుందో ప్రపంచం చూసింది. లొకేషన్ హిస్టరీ ఆపేశామనుకున్న వాళ్ల జాడను కూడా గూగుల్ సేకరించిందన్న ఆరోపణ మీద 2022 నవంబరులో ఆ సంస్థ అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అక్కడ అడిగే ప్రభుత్వాలున్నాయి. ఇక్కడ ఆ మెసేజీని తీసేయించమంటున్న కంపెనీల చెంతన ప్రభుత్వమే కూర్చుని ఆలోచిస్తోంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం కాపాడుతుందని సరిపెట్టుకోవడానికీ లేదు. కేంద్రం నోటిఫై చేసిన సంస్థలకు అందులో 17వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది.

తప్పిపోయిన బిడ్డను వెతకడానికి కచ్చితమైన లొకేషన్ పనికొస్తుందన్న మాట నిజమే. కానీ ఆపదలో ఉన్న మనిషి తానే ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసినప్పుడు ఆ వివరం అందేలా చేయడానికి అందరి ఫోన్లూ ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచనక్కర్లేదు.

టెలికాం శాఖ సహాయ మంత్రి మన గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్. పరిశీలనలో ఉందన్న మాటతో ఈ విషయాన్ని నాన్చడం ఆయనకు తగదు. ప్రతిపాదనను తోసిపుచ్చామని లోక్‌సభలో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ జవాబు రాబట్టే ప్రశ్న మచిలీపట్నం ఎంపీ వల్లభనేని బాలశౌరి వేయాలి. నందివాడ ఓటర్లు ఆయనను పంపింది ఆ సభకే.