పంపు శుభ్రత కూడా వైద్యమే

ముంచింగిపుట్టు వంటి కొండ మండలాలలో తొలకరి వచ్చిందంటే వైద్యునికి ముందుగా స్ఫురించేవి వాంతులు, విరేచనాలు. ఎన్ని మందులు సిద్ధపరచినా, ఊటనీటిని ట్యాంకుకు ఎక్కించే పంపు ఆగిపోతే గ్రామం తిరిగి గెడ్డ నీటినే ఆశ్రయిస్తుంది. అది ఆగడానికి పెద్ద కారణం అక్కరలేదు. నీరు పీల్చే గొట్టం చివరనున్న జల్లెడలో ఆకులు, బురద పేరుకుంటే చాలు. నీరందక మోటారు వేడెక్కి కాలిపోతుంది.

1854లో లండన్ నగరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ జాన్ స్నో ఒక వీధి పంపు పిడిని తీయించారు. అక్కడ కలుషితమైన పంపును ఆపడం వైద్యం. ఇక్కడ మంచినీటి పంపును ఆగనివ్వకపోవడం వైద్యం.

పథకాల ప్రారంభోత్సవానికి చూపే శ్రద్ధ నిర్వహణకూ చూపాలని నా అభిప్రాయం. ప్రతి గ్రామంలో ఒకరికి శిక్షణ, పనిముట్లు, గౌరవవేతనం ఇవ్వాలి. విద్యుత్తు ఆపి, వారానికొకసారి జల్లెడ కడగాలి. వానలకు ముందే ట్యాంకు తోమాలి. వెయ్యి లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాముల మేలైన బ్లీచింగ్ పొడి కలిపి, గంటసేపు ఆగిన తరువాతనే నీరు వదలాలి. కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

ఇదంతా ఖర్చే కదా అనవచ్చు. కాలిన మోటారూ ఖర్చే. డోలీలో మోసుకువచ్చే రోగి కుటుంబం కోల్పోయే కూలీ ఖర్చే. జల్లెడ కడిగే ఆ మనిషిని టీకా వేసే కార్యకర్తతో సమానంగా గౌరవించిననాడు మా ఆసుపత్రుల మంచాలు కొన్నయినా ఖాళీ అవుతాయి.