కాచి తాగితే చాలదు

పాలలో మందులకు లొంగని బాక్టీరియా ఉంటోందని ఎవరైనా అంటే కృష్ణా డెల్టాలో వచ్చే జవాబు ఒక్కటే: "పచ్చిపాలు తాగేదెవరండీ, కాచుకునే కదా తాగుతాం!" బందరులోనైనా, గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా ఈ మాటతో చర్చ ముగిసిపోతుంది. చదువుకున్నవాళ్లూ ఇదే అంటారు. పాల వ్యాపారం చేసేవాళ్లు మరింత గట్టిగా అంటారు. ఇందులో సగం నిజముంది, ముందు దాన్ని ఒప్పుకోవాలి. పెన్సిలిన్‌కు లొంగని బాక్టీరియా మంటకు లొంగుతుంది. మందును తట్టుకునే గుణం వేరు, వేడిని తట్టుకునే గుణం వేరు. డెయిరీలో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచినా, ఇంట్లో పొంగు రానిచ్చినా ఇ. కోలై, సాల్మొనెల్లా, స్టెఫైలోకాకస్ వంటివి మొండివైనా కాకపోయినా ఒకే తీరున చస్తాయి. నాటు ఆవు పచ్చిపాలు అమృతమంటూ ఈమధ్య సాగుతున్న ప్రచారం కంటే మన అమ్మమ్మల అలవాటు వెయ్యి రెట్లు నయం. కాబట్టి కాచడం మీద నాకు పేచీ లేదు. కాచాం గనక ఇక చేయవలసింది ఏమీ లేదని చేతులు దులుపుకోవడం మీదే పేచీ.

గ్లాసులో పాల సంగతే ముందు చూద్దాం. పొదుగువాపు తెచ్చే బాక్టీరియాలో స్టెఫైలోకాకస్ ఆరియస్ ముఖ్యమైనది. పాలను చల్లబరచకుండా గంటల తరబడి ఉంచితే ఇది విషం వదులుతుంది. కాస్తే బాక్టీరియా చస్తుంది, విషం ఉండిపోతుంది. జపాన్‌లో 2000 వేసవిలో స్నో బ్రాండ్ కంపెనీ పాలు తాగి 13 వేల మందికి పైగా జబ్బుపడింది ఇలాగే. హొక్కైడో దీవిలోని వాళ్ల ఫ్యాక్టరీలో కరెంటు పోయి పాలు కొన్ని గంటలు వెచ్చగా నిలిచిపోయాయి. అప్పుడు పుట్టిన విషం తర్వాత పెట్టిన వేడినంతా తట్టుకుని పాలపొడిలో చేరింది. బందరు ఎండలు ఎరిగినవారికి మే నెల మధ్యాహ్నం పాల క్యానులో ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? ఇక పశువుకు వేసినప్పుడు పాలలో మిగిలిపోయే మందు సంగతి. పెన్సిలిన్ కుటుంబపు మందులు పాశ్చరైజేషన్‌కు దాదాపు చెక్కుచెదరవు. ఎన్రోఫ్లాక్సాసిన్ వంటివి మరుగుతున్న పాలలో కూడా నిలబడతాయి. పాలు సరిగా తోడుకోకపోతే ఇల్లాలు చలినో, పాత తోడునో తప్పుపడుతుంది. కానీ మందు అవశేషం ఉన్న పాలలో పెరుగు బాక్టీరియా ఎదగదని డెయిరీలకు ఎప్పటినుంచో తెలుసు; యాంటీబయాటిక్ పరీక్షల్లో కొన్ని, మందున్న పాలలో బాక్టీరియా ఎదగదన్న ఈ సూత్రం మీదే నడుస్తాయి. మనం ఇష్టంగా తినే జున్ను కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఈనిన గేదెకు మాయ పడకపోతే యాంటీబయాటిక్ వేస్తారు, జున్నుపాలు వచ్చేవీ ఆ రోజుల్లోనే. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించినంత మాత్రాన ఆ మందు పూర్తిగా పోతుందన్న భరోసా లేదు.

ఇంతా చేసి, గ్లాసులోని పాలు ఈ సమస్యలో చిన్న ముక్క. మొండి బాక్టీరియా తయారయ్యేది పాలగిన్నెలో కాదు, గొడ్ల సావిట్లో. గేదెకు సూది వేశాక లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి ఖాళీ అయిన చోటంతా తామే నిండుతాయి. రెండు రోజులు వేసి వాపు తగ్గిందని మానేస్తే ఈ ఎంపిక మరింత సుఖంగా సాగుతుంది. పైగా ఆ మందు పొదుగులోనే ఆగదు. రక్తం ద్వారా పేగుల్లోకి వెళ్తుంది, అక్కడి బాక్టీరియాను కూడా ఇదే తీరున మారుస్తుంది. అది పేడలో బయటికి వస్తుంది. పేడ ఎరువవుతుంది, సావిడి కడిగిన నీళ్లు బోదెలోకి, బోదె నుంచి కాలువలోకి పోతాయి. డెల్టాలో కాలువంటే పొలానికి నీరు మాత్రమే కాదు. గేదెలు పడుకునేదీ, పిల్లలు ఈదేదీ, చెరువులు నింపుకుని ఎండాకాలమంతా ఊళ్లకు ఊళ్లు తాగేదీ ఆ నీరే. బందరు పట్నానికి తరకటూరు చెరువు నుంచి వచ్చే నీరూ కాలువ నీరే. చెరువు నీటికి క్లోరిన్ వేస్తారు, సరే; కాలువలో దిగినవాడికి ఎవరు వేస్తారు? పాలు పితికే చేతులకూ ఆ బాక్టీరియా అంటుతుంది. మందు వేసిన గేదె పాలు ఎవరూ కొనకపోతే దూడకు వదిలేస్తారు. అలాంటి పాలు తాగిన దూడల పేగుల్లో మొండి ఇ. కోలై పెరుగుతుందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లోనే తేల్చింది. బాక్టీరియా తన మొండితనపు జన్యువులను పక్క జాతికి కూడా అందించగలదు. హాని చేయని పేగు బాక్టీరియా దగ్గర మొదలైన గుణం రేపు మూత్రనాళంలో మంట పుట్టించేదాని దగ్గర తేలుతుంది. ఈ దారుల్లో ఏ ఒక్కదాని మధ్యా పొయ్యి లేదు.

ఎలాంటి మందులు వాడుతున్నామన్నది మరో సంగతి. సెఫ్ట్రియాక్సోన్ మన ఆసుపత్రుల్లో టైఫాయిడ్‌కు, మెదడు పొరల వాపుకు ఇచ్చే సూది. దేశంలో పొదుగువాపుకు కూడా దాన్నే ధారాళంగా వాడుతున్నారు. సెఫ్ట్రియాక్సోన్ కోవ మందులను మనుషుల వైద్యానికి అత్యంత కీలకమైనవిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ విడిగా గుర్తించింది. అయినా సావిట్లో అది మొదటి మందవుతోంది, ఎందుకంటే దుకాణంలో అడిగితే దొరుకుతుంది. తెలుగువాడు గుర్తు పెట్టుకోవలసిన ముక్క ఒకటి ఇక్కడే ఉంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లే ప్రయోగశాల నుంచి 1948లో వచ్చింది. ఆయన ఆ ఏడే కన్నుమూశారు. మరో రెండేళ్లకు అదే లెడర్లేలో, ఆ మందును మేతలో కలిపితే కోళ్లు తొందరగా ఎదుగుతాయని ప్రకటించారు. ప్రాణం నిలిపే మందు మేత దినుసుగా మారడం అప్పుడు మొదలైంది. మన దేశం పశుపోషణలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించడానికి 2019 దాకా పట్టింది. ఆ ఒక్క ఏడే ప్రపంచంలో 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమైందని లాన్సెట్ పత్రిక అంచనా ప్రచురించింది.

"అంత ప్రమాదముంటే ప్రభుత్వ సర్వేలో తేలేది కదా" అంటారు. తేలింది, కాకపోతే తేలినదాన్ని సరిగా చదవాలి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 1,103 పట్టణాల నుంచి 6,432 పాల నమూనాలు తీసింది. వాటిలో 77 నమూనాల్లో, అంటే 1.2 శాతంలో, యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితి దాటాయి. అంతేనా అని ఊపిరి పీల్చుకునేవారు రెండు సంగతులు మరిచిపోతున్నారు. ఆ లెక్క మిగిలిన మందుది. మందును ఓడించిన బాక్టీరియాది కాదు. రెండోది, పాలు ఊరి కేంద్రంలో కలుస్తాయి. సూది పడిన ఒక గేదె పాలు వందమంది రైతుల పాలలో పడి పలచబడితే మందు పరిమితి కిందికి దిగుతుంది, నమూనా పాసవుతుంది. ఆ గేదె పొదుగులో, పేగులో జరిగినదేదీ పలచబడదు. అవశేషాల పరీక్ష అవసరమే. దాన్ని చూపించి నిరోధకత లేదనడం మాత్రం పొరపాటు.

ఇక రైతు అత్యాశ వల్లే ఇదంతా అనేవారు. ఇది కాచితే చాలన్న వాదానికి కవల. తప్పు పొయ్యి దాటి వస్తే సావిడి మీద వేసి ఊరుకోవడం! 2012 నుంచి పశువుల మందుల లేబుల్ మీద ఎన్నాళ్లు పాలు వాడరాదో రాయాలి. ఆ గడువు విడిగా తేలని మందుకు పాల విషయంలో కనీసం ఏడు రోజులు ఆగాలి. లెక్క కట్టి చూడండి. పూటకు మూడు లీటర్లిచ్చే గేదె ఏడు రోజుల్లో 42 లీటర్లిస్తుంది. లీటరు 50 రూపాయలనుకున్నా 2,100 రూపాయలు బోదెలో పోసినట్టే. డాక్టరు ఖర్చు, మందు ఖర్చు దీనికి అదనం. రెండు గేదెల మీద ఇల్లు గడిచే కౌలురైతును ఈ మొత్తం వదులుకోమనేవారు, దాన్ని ఎవరు భరించాలో మాత్రం చెప్పరు. పాల కేంద్రంలో అతని ధరను తేల్చేవి వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం (ఎస్‌ఎన్‌ఎఫ్). పొదుగు శుభ్రంగా ఉంచినవాడికి పైసా ఎక్కువ రాదు. సూది వేసిన సంగతి నిజం చెప్పినవాడికి ఆ వారం రాబడే ఉండదు. నిజాయతీకి జరిమానా వేసే ఏర్పాటులో అత్యాశ గురించి మాట్లాడటం అన్యాయం.

పొదుగువాపును ముందే ఆపగలిగితే సూది అవసరమే తగ్గుతుంది, అందుకు మార్గాలు తెలియనివి కావు. పాలు పితికాక చనుమొన రంధ్రం అరగంట దాకా తెరుచుకునే ఉంటుంది. అప్పుడు గేదె పేడలో పడుకుంటే బాక్టీరియాకు తలుపు తీసి పెట్టినట్టే. వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, ముందర కాస్త మేత వేసి నిలబెడితే ఆ తలుపు మూసుకుంటుంది. పైకి కనిపించని పొదుగువాపును కాలిఫోర్నియా పరీక్ష నిమిషంలో పట్టేస్తుంది: పళ్లెంలో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పోసి ద్రావకం కలిపి తిప్పితే, జబ్బు చన్ను పాలు జిగురుగా ముద్దకడతాయి. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ప్రచారం చేస్తున్న పూత మన పెరటి సరుకే: కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరి, పలచన చేసి రోజుకు పలుమార్లు పొదుగుకు పూయడం. తొలిదశలో దీన్ని ప్రయత్నించవచ్చు. జ్వరంతో మేత మానేసిన గేదెకు కూడా ఇదే చాలనుకుంటే అది ఇంకో మూఢనమ్మకం. అప్పుడు డాక్టరూ కావాలి, తగిన యాంటీబయాటిక్కూ కావాలి. పెద్ద డెయిరీలున్న దేశాలకే ఇలాంటి క్రమశిక్షణ సాధ్యమనే మాట పూర్తిగా కొట్టిపారేయలేం. నెదర్లాండ్స్ పశువుల్లో యాంటీబయాటిక్ అమ్మకాలను 2009 నాటితో పోలిస్తే పదేళ్లలో 70 శాతం దాకా తగ్గించిందంటే అక్కడ ప్రతి కొట్టం లెక్కా రాసి ఉంటుంది. మనకు లేని ఆ లెక్కకు బదులు మనకున్నది ఊరూరా ఉన్న పాల కేంద్రం. రెండు పూటలా ప్రతి రైతూ గుమ్మం దాకా వచ్చే సంస్థ వైద్యశాఖకు కూడా లేదు. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. పొదుగులో దొరికిన బాక్టీరియా ఏ మందుకు లొంగుతోందో అక్కడ, రోగి మూత్రంలో దొరికింది దేనికి లొంగుతోందో ఇక్కడ చూసి, రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే జిల్లాలో ఏ మందు చేజారుతోందో తెలుస్తుంది.

ఇదంతా అయ్యే పనేనా అని సందేహించేవారు ఒకసారి రొయ్యల చెరువుల వైపు చూడాలి. ఇదే నేల, ఇదే కాలువ. 2016లో ఐరోపా సమాఖ్య మన చెరువు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. నిషేధిత యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే కంటైనరే వెనక్కి వస్తుంది. ఇలాంటి భయంతోనే రొయ్యలు పట్టకముందే పరీక్షలు వచ్చాయి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలో తేలింది. రొయ్యను కాచి తింటారు కదా, మాకెందుకీ పరీక్షలని ఐరోపావాడితో ఎవరూ వాదించలేదు. కొనేవాడు గట్టిగా అడిగాడు, అమ్మేవాడు దారికొచ్చాడు. మన పాలను కొనేది మనమే గనక ఆ అడగడం మన వంతు. వెన్న కొలిచే యంత్రం ప్రతి కేంద్రంలో పెట్టగలిగిన పాల సంఘాలు, సూది పడిన గేదె పాలను ఆ ఏడు రోజులూ విడిగా తీసుకుని, రైతుకు ధర కట్టి, గోతిలో పారబోయడానికి తమ దగ్గర డబ్బు లేదంటే నమ్మడం కష్టం.