ఆ ఎర్ర నాబ్ ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పకండి

పోస్టు కొంచెం పొడుగు, ఓపికగా చదవండి. బెంగళూరులో మన ఇళ్లలోనూ పైలట్ కోర్సు చదివే పిల్లలున్నారు కాబట్టి రాస్తున్నా.

మా అక్క కొడుకు పక్క రాష్ట్రంలో ట్రైనింగ్‌లో ఉన్నాడు. కార్బ్యురేటర్ ఉన్న పాత సెస్నా 172 నడుపుతాడు. మొన్న సెలవుకొచ్చి, "మామా, ఒక్కణ్ణే క్రాస్ కంట్రీ పోయొచ్చినా. దిగినాక డిప్‌స్టిక్ పెట్టి చూస్తే, లెక్కేసినదానికంటే పెట్రోలు బాగా తక్కువుంది" అన్నాడు.

"మిక్స్చర్ ఎక్కడ పెట్టినావురా?"

"ఫుల్ రిచ్‌లోనే. రిచ్ ఉంటే సేఫ్, ఎర్ర నాబ్ ముట్టుకోవద్దని సీనియర్లు చెప్పినారు."

నాకు గుండె ఝల్లుమంది. విమానాల ఇంజన్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇది సగం నిజం. సగం నిజాన్ని నమ్ముకొని గాల్లోకి పోకూడదు.

పాత స్కూటర్ మీద ఊటీ ఎక్కినవాళ్లకు ఇది తెలుసు. పైకి పోయేకొద్దీ బండి లాగదు, పొగ కక్కుతుంది. పైన గాలి పలచన. కార్బ్యురేటర్‌కు ఆ సంగతి తెలీదు, పెట్రోలు ఇంచుమించు అంతే పోస్తుంది. కిలో పెట్రోలు సరిగ్గా కాలాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. గాలి తగ్గితే పెట్రోలూ తగ్గించాలి. స్కూటర్‌లో ఆ వీలు లేదు. విమానంలో అందుకే ఆ ఎర్ర నాబ్ పెట్టినారు.

తగ్గించకపోతే మూడు నష్టాలు. ఒకటి, పవర్ తగ్గుతుంది. 3,000 అడుగుల పైనున్న ఏరోడ్రోముల్లో టేకాఫ్‌కు ముందే మిక్స్చర్ సరిచేసుకోమని సెస్నా పుస్తకమే చెబుతుంది. మన బెంగళూరు ఎత్తు ఇంచుమించు అంతే. ఎండాకాలం మధ్యాహ్నం గాలి ఇంకా పలచన. రెండు, విమానం పెట్రోల్లో సీసం ఉంటుంది. రిచ్‌లో నడిపితే అది స్పార్క్ ప్లగ్గుల మీద పేరుకొని ఇంజన్ మిస్ కొడుతుంది. మూడు, అసలు ప్రమాదం ఇదే. గంటకు ఇంత పెట్రోలు అని పుస్తకంలో ఉండే క్రూయిజ్ లెక్క మిక్స్చర్ తగ్గించి నడిపితేనే నిజం. మావాడు పుస్తకం లెక్కతో బయలుదేరి ఫుల్ రిచ్‌లో నడిపినాడు. ఆ రోజు ఎదురుగాలి వచ్చుంటే?

అట్లని ఎప్పుడూ తగ్గించమని కాదు. టేకాఫ్‌లో, ఫుల్ పవర్‌తో పైకెక్కేటప్పుడు అదనపు పెట్రోలే ఇంజన్‌ను చల్లగా ఉంచుతుంది. అప్పుడు మరీ తగ్గిస్తే సిలిండర్లో మంట క్రమంగా పాకకుండా ఒక్కసారిగా భగ్గుమని పిస్టన్ పాడవుతుంది. క్రూయిజ్‌లో పవర్ 75 శాతానికి దిగినాక, ఇంజన్ కొంచెం గరగరమనేదాకా నాబ్ మెల్లగా లాగి, నున్నగా నడిచేంత మళ్లీ లోపలికి తొయ్యాలి. కిందికి దిగేటప్పుడు కొంచెం కొంచెంగా రిచ్ చెయ్యాలి. ఏ విమానానికైనా దాని పుస్తకమే ప్రమాణం.

ఈ భయం కొత్తది కాదు. 1944లో పసిఫిక్ యుద్ధరంగంలో చార్లెస్ లిండ్‌బర్గ్ పీ-38 పైలట్లకు తక్కువ ఆర్పీఎంతో, తగ్గించిన మిక్స్చర్‌తో నడపడం నేర్పినాడు. ఇంజన్లు పాడవుతాయని వాళ్లు భయపడినారు. కానీ అవే ట్యాంకులతో అంతకుముందుకంటే చాలా దూరం పోయి రాగలిగినారు.

తల్లిదండ్రులకు నా మనవి. లక్షలు కడుతున్నారు. ఫోన్ చేసినప్పుడు "ఎన్ని గంటలైనాయి?" అని మాత్రమే అడగకండి. "ఇవాళ చేసింది ఎందుకు చేసినావో చెప్పు" అని అడగండి. మీకు అర్థం కాకపోయినా పర్వాలేదు, వాడికి అర్థమైందా లేదా తెలిసిపోతుంది.

కమిటీవారికి ఇంకొక మనవి. ఈ రంగంలో పనిచేసినవారు మన సభ్యుల్లో ఇంకా ఉంటే ముందుకు రండి. నెలకొక ఆదివారం ఈ పిల్లలతో ఒక గంట కూర్చుందాం. మా మేనల్లుణ్ణి నేను తీసుకొస్తా.