పలక చేసిన చేతులు

సాహిత్యం సమాజానికి అద్దమని పెద్దలు అంటారు. అయితే ఆ అద్దంలో ఎవరి ముఖాలు కనిపిస్తున్నాయి, ఎవరివి కనిపించడం లేదు అన్నదే అసలు ప్రశ్న. చిన్న ఊళ్ల అంచులలో బతికే నిరుపేదలకు అందులో దక్కిన చోటు స్వల్పం.

మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో 1955లో స్పానిష్ భాషలో ‘పెద్రో పారామో’ అనే చిన్న నవలను వెలువరించాడు. తండ్రిని వెదుకుతూ ఒక యువకుడు కొమాలా అనే ఊరికి చేరుకుంటాడు. అక్కడ అతనికి వినిపించేవి మరణించినవారి గొంతులే. ఒక భూస్వామి పంతం ఆ ఊరిని ఎలా బీడు చేసిందో అవి చెబుతాయి. బతికినన్నాళ్లూ నోరెత్తలేని వారికి ఆ నవల మాట ఇచ్చింది. తెలుగులో అంతకు ముందే, 1922లో, ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నవలలో ఒక దళిత కుటుంబాన్ని కథకు కేంద్రంగా నిలిపాడు. ఆనాటి ప్రభుత్వం దానిని నిషేధించిందంటే అక్షరానికి ఎంత శక్తి ఉందో గ్రహించవచ్చు.

అటువంటి నవలకు తగిన జీవితం పశ్చిమ ప్రకాశంలోనూ ఉంది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు నల్లమల అంచున ఉన్న మెట్ట నేలలు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు అవి కర్నూలు జిల్లాలోనివి. మార్కాపురం పలకల మీద ఎన్నో తరాల పిల్లలు ఓనమాలు దిద్దుకున్నారు. కానీ 1987లో బాలకార్మిక జాతీయ విధానం దృష్టి సారించిన పరిశ్రమలలో మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఒకటి. అక్షరాలు దిద్దవలసిన వయసులో కొందరు పిల్లలు రాతి దుమ్ము పీలుస్తూ ఇతరుల పిల్లల కోసం పలకలు తయారుచేశారు.

ప్రభుత్వ నివేదికలు ఉండగా నవల ఎందుకని కొందరు అడగవచ్చు. నివేదిక పిల్లలను లెక్కిస్తుంది. సాయంత్రం ఇంటికి చేరిన పిల్లవాడు తల్లితో ఏమన్నాడో, బడి గంట విన్నప్పుడు అతని మనసు ఏమైందో నవలే చెప్పగలదు. లెక్క తెలిసినవారు జాలిపడతారు. కథ తెలిసినవారు ఆ బిడ్డను తమవాడిగా భావిస్తారు.

నోటుపుస్తకాల రాకతో పలకల వాడకం తగ్గింది. ఆనాటి బాలకార్మికులు నేడు నడివయసు దాటుతున్నారు. కొమాలాకు వెళ్లిన యువకుడు ఆలస్యంగా చేరాడు. అతనికి ఊరి కథ చెప్పడానికి బతికినవారు మిగలలేదు. మార్కాపురంలో ఆ గొంతులు ఇంకా సజీవంగా ఉన్నాయి. వాటిని వినవలసినది, రాయవలసినది ఆ నేల మీద చదువుకుంటున్న నేటి యువతరమే.