విషాదరోగము - విద్యుచ్చికిత్స

మానవుని మెదడునందలి విద్యుత్ప్రవాహమును జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి నమోదు చేసి, 1929లో లోకమునకు వెల్లడించెను. నేడు వైద్యులు ఆ ప్రవాహమును పరికించుటతో తృప్తినొందక, దానిని సరిదిద్దుటకును పూనుకొనియున్నారు. డిప్రెషన్ అను విషాదరోగము ఏ మందునకును లొంగనప్పుడు, మెదడు లోతున సన్నని తీగెలను నిలిపి, రొమ్ముచర్మము క్రింద నమర్చిన చిన్న యంత్రముచే విద్యుత్తును పంపుట ఈ నూతన విధానము.

2005లో హెలెన్ మేబర్గు ప్రభృతులు టొరాంటోలో ఆరుగురికి ఈ చికిత్స చేసిన ఫలితమును ప్రకటించిరి; ఆరునెలలకు నలుగురికి మంచి గుణము కనిపించెను. కాని 2017లో ప్రకటితమైన 90 మంది పరీక్షయందు, విద్యుత్తు పంపినవారికిని, తీగెలనుంచియు పంపనివారికిని ఆరునెలలలో చెప్పదగిన భేదము కానరాలేదు. రెండేండ్లకు సుమారు సగముమందికి గుణము కనిపించుట మాత్రము ఆశాజనకము. కావున ఇది ఇంకను పరీక్షాదశయందే యున్నది. దీనిని సిద్ధౌషధమని యెవరైన చెప్పినచో నమ్మరాదు.

అట్లయిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రజలకు ఈ వార్తతో పనియేమి? పని కలదు. దిగులు జబ్బు గాలి సోకుట కాదు, పూర్వజన్మపాపము కాదు, పిరికితనము కాదు. మెదడునకు సంబంధించిన వ్యాధియని ఈ పరిశోధనలు చాటుచున్నవి. సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యలు ఏండ్ల తరబడి రాష్ట్రమును కలచివైచినవి. పంట పోయిన రైతు, గల్ఫునకు పోయినవాని యిల్లాలు, మగ్గమాగిన కార్మికుడు లోలోపల కుములుచుండగా, పరువు పోవునని దాచిపెట్టుట ప్రాణాంతకము.

వీరికి కావలసినది మెదడులో తీగె కాదు. చేరువలో వైద్యుడు, ఎడతెగక లభించు మందు. 2018లో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ చికిత్సను ప్రతివాని హక్కుగా నొసగినది. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రవ్యథకు లోనైనవానిగా నెంచి, ఆదరించుటయే ప్రభుత్వవిధియని శాసించినది. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వాని మానసిక వైద్యులు వారమున కొకదినము కోరుట్లకును, మరమగ్గముల వాడలకును, పెద్దపల్లెలకును పోయి రోగులను చూచునట్లు ప్రభుత్వము ఏర్పాటు చేయవలెను. ఏ ఆసుపత్రిలో ఎన్నిదినములు మందు లేకపోయెనో నెలనెల ప్రకటింపవలెను. రేయింబవళ్లు పలుకు 14416 అను ఉచిత టెలిఫోను సంఖ్యను ప్రతి పంచాయతీ గోడపై వ్రాయింపవలెను.

అయితే మందు అప్పు తీర్చజాలదు. కూలి గిట్టక, బాకీ తరుగక క్రుంగినవానికి వైద్యుని చీటితోపాటు పనియు, గడువును కావలెను. భూస్వాములును, మగ్గముల యజమానులును ఈ ధర్మమును గుర్తింతురుగాక. విద్యుత్తు మెదడును మేల్కొల్పు దినము వచ్చునో రాదో కాలము చెప్పగలదు. పొరుగువాని వ్యథకు మనము మేల్కొనుటకు ఏ యంత్రమును అక్కరలేదు.