పైమట్టి ప్రాణము

గోదావరిఖని పరిసరమున ఓపెన్‌కాస్టు గనులచెంత కొండలవలె పెరిగిన మట్టిగుట్టలను ఎఱుగనివారుండరు. బొగ్గుకొఱకు పెకలించిన రాయియు మన్నును అక్కడ పోయబడుచున్నవి. వానిపై సింగరేణి సంస్థ మొక్కలు నాటించుచున్నది. మెచ్చదగిన పనియే. కాని మొక్కల లెక్క చూచి నేల బ్రతికినదని చెప్పవచ్చునా?

సారవంతమగు మట్టి గుప్పెడు తీసికొన్నచో అందు కోటానుకోట్ల సూక్ష్మజీవులుండును. రాలిన ఆకును ఎరువుగా మార్చునవి అవియే. కంది, పెసర వేళ్లయందు బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పైరున కందించునవియు అవియే. రామగుండమున తయారగుచున్న యూరియాసైతము, మట్టిలోని యూరియేజు అను ఎంజైము విడగొట్టినగాని పైరునకు చాలవఱకు అక్కఱకు రాదు.

ఈ ప్రాణమంతయు ముఖ్యముగా పై జానెడు మట్టిలోనిదే. దానిని అడుగుమట్టితో కలిపివేసిన నష్టమే; ఏండ్లతరబడి కుప్పపోసి యుంచినను లోపల గాలి చొరక జీవములు క్షీణించును. కావున పైమట్టిని వేఱుగా తీసి, ఆలస్యము చేయక గుట్టలపై పఱపవలెను. ఏటేట అచ్చటి మట్టిలోని ఎంజైములను పరీక్షించి ఫలితములను ప్రజలయెదుట నుంచవలెను.

బొగ్గుకొఱకు పల్లెలు తమ పొలముల నిచ్చినవి. వానికి పచ్చని గుట్టను చూపిన చాలదు. పంట పండు నేలను మరల చూపవలెను.