రేవులో కాపలా... సీసాలో మత్తు!

ఆందోళన తగ్గించే ‘అల్ప్రాజోలం’ పొడి విదేశం నుంచి ఒక్క డబ్బా రావాలన్నా రెండు దేశాల ప్రభుత్వాలు తలూపాలి. ఎంత తెస్తున్నారో, ఎవరి దగ్గర కొంటున్నారో ముందే కాగితం మీద పెట్టాలి. మరి అదే పొడి పల్లెల్లో కల్లులోకి ఎలా వచ్చి పడుతోంది? ఏ కాగితం చూపించి వస్తోంది?

సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు సాగే 161వ నంబరు జాతీయ రహదారి మీద పిట్లం దాటితే పెద్ద కొడప్‌గల్ వస్తుంది. 2016లో కామారెడ్డి జిల్లాతో పాటే కొత్తగా మండలమైన ఊరు. ఇంకా ముందుకు పోతే మద్నూర్, అదీ దాటితే మహారాష్ట్ర. ఈ బాన్సువాడ డివిజన్ పల్లెల్లో పొద్దంతా చేలో ఒళ్లు వంచి, సాయంత్రం ఓ సీసా కల్లు తాగి పడుకోవడం మగవాళ్లకే కాదు, చాలామంది ఆడవాళ్లకూ అలవాటే. పండగొచ్చినా, చుట్టమొచ్చినా, చావు దినమైనా కల్లు ఉండాల్సిందే.

ఆ అలవాటే 2025 ఏప్రిల్‌లో కొంప ముంచింది. నస్రుల్లాబాద్ చుట్టుపక్కల దుర్కి, అంకోల్, దామరంచ వంటి ఊళ్లలో కల్తీ కల్లు తాగి 50 మందికి పైగా బాన్సువాడ ఆసుపత్రి పాలయ్యారు. మెడలు వాలిపోయి, నాలుక మెలికపడి, ఏం మాట్లాడుతున్నారో తెలియని స్థితిలో వాళ్లను మోసుకొచ్చారు. దాదాపు మూడు నెలలకే హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ఏకంగా పలువురి ప్రాణాలు తీసింది.

చెట్లు తక్కువ... గిరాకీ ఎక్కువ

తాడిచెట్టయినా, ఈతచెట్టయినా రోజుకు ఇచ్చే కల్లుకు ఓ లెక్క ఉంటుంది. గిరాకీకి లెక్క లేదు. ఆ తేడాను నీళ్లతో పూడుస్తారు. తీపి కోసం శాకరిన్ కలుపుతారు. నీళ్ల కల్లు నిషా ఎక్కదు కాబట్టి మత్తుమందు కలుపుతారు. మొదట్లో క్లోరల్ హైడ్రేట్ నడిచింది. తర్వాత పల్లెల్లో డైజోఫాం అని పిలిచే డయాజెపామ్ వచ్చింది. ఆ తర్వాత అల్ప్రాజోలం.

ఎందుకు మారుతూ వచ్చాయో చిన్న లెక్క చెబుతుంది. డాక్టర్లు రాసే అల్ప్రాజోలం మాత్రల్లో పావు మిల్లీగ్రాము మందు ఉన్నవి మామూలే. అంటే ఒక్క గ్రాము పొడితో 4,000 మాత్రలు. కిలోతో 40 లక్షలు! జేబులో పట్టే పొట్లం ఊరంతటినీ ఊపేయగలదు. దాన్ని చెంచాతోనో, చేత్తోనో వేసి కర్రతో కలిపితే ఏ సీసాలోకి ఎంత పోతుందో కలిపినవాడికే తెలియదు. నిన్న నిద్ర పుచ్చిన సీసా నేడు ఊపిరి ఆపడానికి కారణం అదే.

గ్వాలియర్ దాటితేనే...

ఇలాంటి మందులు దేశంలోకి రావడానికి ఉన్న దారి మాత్రం మహా ఇరుకు. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) కింద అల్ప్రాజోలం, డయాజెపామ్ రెండూ మనోప్రభావిత పదార్థాల జాబితాలో ఉన్నాయి. వీటిని దిగుమతి చేసుకోవాలంటే గ్వాలియర్‌లోని కేంద్ర నార్కోటిక్స్ బ్యూరోకు దరఖాస్తు పెట్టాలి. కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ కింద పనిచేసే ఈ సంస్థకు అధిపతి నార్కోటిక్స్ కమిషనర్. ఆయన ‘దిగుమతి ధ్రువపత్రం’ ఇస్తేనే అడుగు ముందుకు పడుతుంది. ఏ మందు, ఎంత, ఎవరి నుంచి అన్నీ అందులో ఉంటాయి. దాన్ని చూశాకే అమ్మే దేశం తన వైపు నుంచి ఎగుమతికి ఒప్పుకుంటుంది. సరుకు రేవులో దిగాక కస్టమ్స్ వాళ్లు కాగితాన్నీ, సరుకునూ సరిచూస్తారు. ఔషధ నియంత్రణ సంస్థ లైసెన్సు వీటికి అదనం.

అంతెందుకు, మన వంటింటి గసగసాలు విదేశం నుంచి రావాలన్నా అవి చట్టబద్ధంగా పండించిన పంటేనని పత్రం ఉండాలి. ఆ కొనుగోలు ఒప్పందాన్ని గ్వాలియర్‌లోనే నమోదు చేయించాలి.

మందులకే కాదు, వాటిని వండే ముడి రసాయనాలకూ పహరా ఉంది. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ ఆస్పిరిన్ తయారీకి కావాలి, హెరాయిన్‌కూ కావాలి. ఎఫిడ్రిన్ జలుబు, ఆయాసం మందుల్లో ఉంటుంది, మెథాంఫెటమైన్‌కూ అదే ఆధారం. మంచికీ చెడుకూ పనికొచ్చే ఇలాంటివాటిని పూర్తిగా నిషేధిస్తే రోగులకు మందులుండవు. వదిలేస్తే ముఠాలకు పండగ. అందుకే 1988లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వీటిపై నిఘా పెట్టమంది. మన దేశంలో 1993లో తొలి ఉత్తర్వు, దాని స్థానంలో 2013లో కొత్త ఉత్తర్వు వచ్చాయి. జాబితాలోని రసాయనం దిగుమతికి నార్కోటిక్స్ కమిషనర్ నిరభ్యంతర పత్రం కావాలి. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, ఎఫిడ్రిన్ లాంటివైతే దేశం లోపల తయారుచేసినా, కొన్నా, అమ్మినా, నిల్వ పెట్టినా నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో దగ్గర నమోదు నంబరు తీసుకుని, మూడు నెలలకోసారి లెక్క చెప్పాలి. ఒక దేశం నుంచి ఇలాంటి సరుకు బయల్దేరే ముందే రెండో దేశానికి కబురు అందించే ఆన్‌లైన్ ఏర్పాటు 2006 నుంచి నడుస్తోంది. ఈ నిబంధనలను మీరితే పదేళ్ల దాకా జైలు.

దొంగ దారి దేశంలోనే!

ఇంత కట్టుదిట్టం ఉంటే కల్లులోకి మందు ఎలా వస్తోంది? జవాబు 2025లోనే మూడుసార్లు దొరికింది.

ఆగస్టులో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో డైరెక్టరేట్ ఆఫ్ రెవెన్యూ ఇంటెలిజెన్స్ (డీఆర్ఐ) అధికారులు ఒక రహస్య తయారీ కేంద్రాన్ని పట్టుకున్నారు. దొరికిన అల్ప్రాజోలం 119.4 కిలోలు. పావు మిల్లీగ్రాము మాత్రల లెక్కన 47 కోట్లకు పైమాటే! సెప్టెంబరులో సికింద్రాబాద్ పాత బోయినపల్లిలో ఏకంగా ఓ ప్రైవేటు బడి భవనంలోనే అల్ప్రాజోలం వండుతున్న గుట్టు బయటపడింది. కింద పిల్లల పాఠాలు, పైన మత్తు బట్టీ! నవంబరులో గుజరాత్‌లోని వల్సాద్ జిల్లాలో మరో కేంద్రంపై డీఆర్ఐ దాడి చేస్తే 9.55 కిలోల తయారైన సరుకు, 100 కిలోలకు పైగా సగం తయారైన సరుకు చిక్కాయి. మూడుచోట్లా సరుకు చేరాల్సిన గమ్యం ఒకటే... తెలంగాణ కల్లు.

ఓడ రేవుకూ, విమానాశ్రయానికీ వీటితో పని లేదు. మన దేశం మందుల తయారీలో ఆరితేరింది. అల్ప్రాజోలాన్ని బయటి నుంచి దొంగతనంగా తేవాల్సిన అవసరం ముఠాలకు లేదు. వల్సాద్‌లో దొరికిన ముడి సరుకులోనూ చాలావరకు రంగులు, మందుల పరిశ్రమల్లో రోజూ వాడే రసాయనాలే. వాటి జోలికి దిగుమతి ధ్రువపత్రం రాదు. లైసెన్సున్న కంపెనీ అయితే దేశంలో ఈ మందును లారీ ఎక్కించాలన్నా వెంట రవాణా పత్రం పంపాలి. లైసెన్సే లేనివాడికి ఏ పత్రంతో పని? నిజాయతీగా వ్యాపారం చేసేవాడి ఫైలు గ్వాలియర్ చుట్టూ తిరుగుతుంటే, దొంగ సరుకు మాత్రం ఏ ఫైలూ లేకుండా ఊరు చేరుతోంది.

చట్టం మెత్తనిదేమీ కాదు. అల్ప్రాజోలం 100 గ్రాములు దాటి దొరికితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల కఠిన కారాగార శిక్ష. కానీ తరచూ దొరికేది సీసా అమ్మేవాడు. తయారీదారు దాకా పోవాలంటే ఎక్సైజ్, ఔషధ నియంత్రణ, పోలీసు, డీఆర్ఐ ఒకరి సమాచారం ఒకరికి అందించుకోవాలి. మూతపడిన ఫ్యాక్టరీల్లో రాత్రిపూట పొగ ఎందుకు వస్తోందో అడిగేవాళ్లుండాలి. కల్లు నమూనా ఫలితం నెలల తర్వాత కాక, జనం తాగకముందే తేలాలి. లేకపోతే ప్రాణాలకు తెగించి చెట్టెక్కి స్వచ్ఛమైన కల్లు దించే గీత కార్మికుడికి కూడా చెడ్డపేరే మిగులుతుంది.

ఒక్కసారిగా ఆపినా ముప్పే

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లుపై ఉక్కుపాదం మోపింది. ఆ వెంటనే నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో ఆసుపత్రులు కిటకిటలాడాయి. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్, లేని మనుషులతో మాట్లాడటం... వాళ్లంతా కల్లు అనుకుని ఏళ్ల తరబడి మందు తాగుతున్నారని అప్పుడు తేటతెల్లమైంది. ఈ మందులకు అలవాటుపడిన ఒంటికి అవి ఉన్నట్టుండి అందకపోతే ప్రాణాపాయం. డాక్టరు పర్యవేక్షణలో మోతాదు మెల్లమెల్లగా తగ్గించాల్సిందే. దాడులు చేసే రోజునే ఆసుపత్రిలో మంచాలూ, మందులూ సిద్ధం చేయాలని ఆనాటి అనుభవం చెబుతోంది.

ఇవి గుర్తుంచుకోండి

* కల్లు మానేశాక వణుకు, ఫిట్స్, మతిభ్రమ కనిపిస్తే భూతవైద్యం, నాటువైద్యం అంటూ తిరగొద్దు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. కల్లు అలవాటు సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు.

* వ్యసన విముక్తికి జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446. మత్తుపదార్థాల సమాచారం ఇవ్వడానికి 1933.

* నిద్రమాత్రల్లాంటివి సొంత వైద్యానికి ఒకసారికి 100 మాత్రలకు మించి దగ్గర ఉంచుకోకూడదు. దీర్ఘకాల చికిత్స అని డాక్టరు ప్రత్యేకంగా రాసిస్తే 300 దాకా.

* గల్ఫ్ వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త. అల్ప్రాజోలం, ట్రమడాల్ వంటివి అక్కడా నియంత్రిత మందులే. యూఏఈకి తీసుకెళ్లాలంటే చీటీ ఒక్కటే చాలదు, అక్కడి ప్రభుత్వ అనుమతి ముందుగా తీసుకోవాలి. గసగసాలైతే అక్కడ పూర్తిగా నిషేధం. పక్కింటివాళ్లు ‘మావాడికి ఇవ్వు’ అని పొట్లం చేతికిస్తే, విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవద్దు.